సొరంగం పైకప్పు ఎందుకు ఊడింది? గోడలు కదా ముందు పగలాలి!

శ్రావణి_సివిల్ · ఆదివారం రాత్రి 9:12

నమస్కారం అండీ. సివిల్ మూడో ఏడాది చదువుతున్నాను. ఇంజనీరింగ్ జియాలజీ సెమినార్‌లో నాకు "రాతిలో స్ట్రెస్" వచ్చింది. బుధవారం చెప్పాలి. ఒక లెక్క తలకిందులుగా వస్తోంది, కాస్త చూడండి.

కెనడాలో మానిటోబాలోని పినావా దగ్గర నేల కింద ఒక పరిశోధనశాల ఉండేది. అక్కడ 420 మీటర్ల లోతున, గ్రానైట్‌లో 3.5 మీటర్ల వ్యాసంతో గుండ్రటి సొరంగం తీశారు. పేలుడు మందు వాడలేదు. చుట్టూ వరసగా రంధ్రాలు వేసి, హైడ్రాలిక్ యంత్రంతో రాయిని చీల్చి తీశారు. అంత జాగ్రత్తపడినా రాయి పలకలు పలకలుగా ఊడి చివరికి "వి" ఆకారంలో గాడి పడింది. ఫొటోలు చూశాను. గాడి పడింది పైకప్పులో, నేలలో. పక్క గోడలు మాత్రం చూడటానికి శుభ్రంగా ఉన్నాయి.

నా లెక్క ఇదీ. నిలువు స్ట్రెస్ (పైనున్న రాతి బరువు వల్ల వచ్చే ఒత్తిడి) మీటరుకు 0.027 ఎంపీఏ (మెగాపాస్కల్, ఒత్తిడి కొలత) చొప్పున 420 మీటర్లకు 11.3. పాయిసన్ నిష్పత్తి (నొక్కితే రాయి పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) 0.25 అనుకుంటే అడ్డ స్ట్రెస్ అందులో మూడో వంతు, అంటే 3.8. గుండ్రటి రంధ్రం అంచున ఒత్తిడి ఎంతో చెప్పే కిర్ష్ సూత్రంలో వేస్తే గోడల్లో 3 × 11.3 − 3.8 = 30 ఎంపీఏ. పైకప్పులో 3 × 3.8 − 11.3, అంటే దాదాపు సున్నా. ఒత్తిడంతా గోడల మీదే ఉంది, పైకప్పు మీద అసలు ఏమీ లేదు. మరి ఊడాల్సింది గోడలు కదా?

గేట్_గోపి · 9:31

సింపుల్ అండీ. పైకప్పు ఊడటానికి స్ట్రెస్ ఎందుకు, గ్రావిటీ చాలు. పైనున్న రాయి కింద పడుతుంది, అంతే. ఈ సబ్జెక్టుకి ఇంత ఆలోచన అక్కర్లేదు, గేట్‌లో ఒకటి రెండు మార్కులు వస్తే ఎక్కువ 😀

టన్నెల్_రమణ · 9:58

గోపీ, నేలలో కూడా గాడి పడిందని ఆ అమ్మాయి రాసింది చూడు. గ్రావిటీ నేలని పైకి లాగుతుందా తమ్ముడూ?

శ్రావణీ, నీ కూడికలు తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కిర్ష్ 1898లో ఇచ్చిన సూత్రం కూడా సరిగ్గానే వాడావు. తప్పు అంతకు ముందే జరిగింది. ఆ "మూడో వంతు" ఎక్కడి నుంచి తెచ్చావమ్మా?

శ్రావణి_సివిల్ · 10:05

మా నోట్స్‌లో ఉంది సార్. అడ్డ స్ట్రెస్, నిలువు స్ట్రెస్‌ల నిష్పత్తి = పాయిసన్ నిష్పత్తి ÷ (1 − పాయిసన్ నిష్పత్తి). సాయిల్ మెకానిక్స్‌లో కూడా ఇలాంటిదే చదివాం.

సుజాత_లెక్చరర్ · 10:40

నేను ఈ సబ్జెక్టు చెప్తాను కాబట్టి ఈ ప్రశ్న నాది. ప్రతి ఏడూ క్లాసులో సగం మంది సరిగ్గా ఇక్కడే జారిపడతారు.

ఆ సూత్రం అబద్ధం కాదమ్మా. టెర్జాగీ, రిచర్ట్ అనే ఇంజనీర్లు 1952లో దాన్ని వాడారు. కానీ దాని వెనకున్న కథ ఏమిటో చూడు: ఒక పొర పరుచుకుంది, దాని మీద బరువు పడింది, అది పక్కకి సాగలేక పక్కవాటిని నెట్టింది. అంతే. ఇంకేమీ జరగలేదు. నిన్నగాక మొన్న పోసిన మట్టికి ఆ కథ కొంతవరకు సరిపోతుంది. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళకు పైబడిన గ్రానైట్‌కి ఎలా సరిపోతుంది? ఈలోగా దాని మీద కొండలు లేచాయి, అరిగిపోయాయి, ఖండాలు గుద్దుకున్నాయి.

ఒక్క కోత సంగతే లెక్క కట్టి చూద్దాం. అంకెలు నేను ఊహించినవి. ఒక రాయి 2000 మీటర్ల లోతున ఉంది. అక్కడ నిలువూ అడ్డం సమానం, రెండూ 54 ఎంపీఏ. (స్విట్జర్లాండ్ జియాలజిస్టు ఆల్బర్ట్ హైమ్ పంతొమ్మిదో శతాబ్దంలోనే లోతున అన్ని వైపులా సమానంగా ఉంటుందన్నాడు, దాన్నే మొదలుగా తీసుకున్నా.) ఇప్పుడు వానలకీ నదులకీ పైన 1500 మీటర్ల మందం కొట్టుకుపోయింది. రాయి నేలకు 500 మీటర్ల దగ్గరికి వచ్చింది. నిలువు స్ట్రెస్ 40.5 తగ్గి 13.5 అయింది. అడ్డ స్ట్రెస్ ఎంత తగ్గుతుంది? నీ సూత్రం ప్రకారం ఆ తగ్గుదలలో మూడో వంతే, అంటే 13.5. కాబట్టి 54 − 13.5 = 40.5 అలాగే మిగిలింది. నిష్పత్తి ఎంతైంది?

శ్రావణి_సివిల్ · 10:52

40.5 ÷ 13.5 = 3. అయ్యో! మూడో వంతు కాదు, మూడు రెట్లు!

సుజాత_లెక్చరర్ · 10:55

అదీ. పైన దుప్పటి తీసేశారు గానీ పక్కనుంచి నొక్కేవాడు లేవలేదు.

బోర్‌హోల్ · 11:20

సంక్షిప్తంగా. బ్రౌన్, హోక్ 1978లో ప్రపంచమంతటి కొలతలు ఒకచోట పెట్టి చూశారు. అడ్డ స్ట్రెస్‌ల సగటుకీ నిలువు స్ట్రెస్‌కీ నిష్పత్తి కింది హద్దు 100 ÷ లోతు + 0.3. పై హద్దు 1500 ÷ లోతు + 0.5. లోతు మీటర్లలో.

100 మీటర్ల దగ్గర: 1.3 నుంచి 15.5.
2000 మీటర్ల దగ్గర: 0.35 నుంచి 1.25.

అంటే మన సివిల్ వాళ్ళు ఎక్కువగా తవ్వే తక్కువ లోతుల్లోనే ఊహ ఎక్కువ తప్పుతుంది. అందుకే కొలవాలి.

పినావా కొలతలు ఇవిగో, 420 మీటర్ల మట్టంలో, ఒకదానికొకటి లంబంగా ఉన్న మూడు దిశల స్ట్రెస్‌లు: పెద్దది 60, మధ్యది 45, చిన్నది 11 ఎంపీఏ. పెద్దదీ మధ్యదీ దాదాపు అడ్డంగా. చిన్నది దాదాపు నిలువుగా. సొరంగాన్ని కావాలనే మధ్యదాని దిశలో తీశారు, అడ్డకోతలో 60, 11 పడేలా. మళ్ళీ లెక్క వేయండి.

శ్రావణి_సివిల్ · 11:41

పైకప్పు, నేల: 3 × 60 − 11 = 169 ఎంపీఏ.
గోడలు: 3 × 11 − 60 = −27.

సార్, నిలువు 11 అంటే నేను కట్టిన 11.3తో సరిపోయింది! తప్పంతా అడ్డంలోనే. నేను 3.8 అనుకున్నచోట 60 ఉంది. మొత్తం బొమ్మ తొంభై డిగ్రీలు తిరిగిపోయింది.

గేట్_గోపి · 11:44

మైనస్ 27 అంటే గోడలకు టెన్షన్ (లాగుడు). నాకూ అంతే.

టన్నెల్_రమణ · సోమవారం ఉదయం 6:30

రాత్రి నిద్రపోయాను, ఇప్పుడు చూస్తున్నా. భేష్.

బోర్‌హోల్ గారు చెప్పిన పై హద్దులో 420 వేసి చూడు, 4.07 వస్తుంది. పినావాలో రెండు అడ్డ స్ట్రెస్‌ల సగటు 52.5, దాన్ని 11తో భాగిస్తే 4.8 దాకా ఉంది. ఆ హద్దుని కూడా దాటేసింది. పుస్తకంలో గీతలు ఉన్నాయి కదా అని రాయి వాటి లోపలే ఉండాలని ఏమీ లేదు. మనవాళ్ళలో ధన్‌బాద్ మైనింగ్ పరిశోధన సంస్థలో పనిచేసిన షియోరీ 1994లో ఇంకో సూత్రం ఇచ్చారు, అందులో రాయి గట్టిదనం కూడా లెక్కలోకి వస్తుంది. 60 గిగాపాస్కల్ రాయికి, ఇదే లోతుకి అది 1.67 ఇస్తుంది. ఒకే లోతు, సూత్రాన్ని బట్టి 0.33, 1.67. కొలిస్తే 4.8. ఇక నువ్వే చూసుకో.

ఇంకొక మాట. నీ మొదటి పోస్టులో నన్ను భయపెట్టిన వాక్యం నీ ప్రశ్న కాదు. "పైకప్పు మీద అసలు ఏమీ లేదు" అని, అంటే అది క్షేమం అన్నట్టు రాశావు. సైటులో అది ప్రమాదకరమైన మాట. పాత రాతి బావి లోపలికి ఎప్పుడైనా తొంగి చూశావా? సున్నం లేకుండా పేర్చిన రాళ్ళు కూడా ఒకదాన్నొకటి నొక్కుకుంటూ గుండ్రంగా నిలబడతాయి. ఆ నొక్కుడే వాటికి సిమెంటు. సొరంగం పైకప్పు నిండా జాయింట్లు (రాతిలో సహజంగా ఉండే చీలికలు) ఉంటే అక్కడ స్ట్రెస్ సున్నా అంటే పట్టు సున్నా అన్నమాట. బండ బండగా రాలుతుంది. అప్పుడు గోపీ చెప్పిన గ్రావిటీయే పని చేస్తుంది (పాపం, వాడి మాటకూ ఒక చోటు ఉంది). స్ట్రెస్ మరీ ఎక్కువైతే రాయి పగులుతుంది, మరీ తక్కువైతే జారుతుంది. క్యూ పద్ధతిలో (సొరంగానికి రాయి ఎంత మంచిదో అంకెలో చెప్పే పద్ధతి) ఎస్‌ఆర్‌ఎఫ్ అని, స్ట్రెస్ వల్ల వచ్చే ఇబ్బందికి ఒక అంకె ఉంటుంది కదా, 1974 నాటిది. దాని పట్టిక తెరిచి చూడు. నేలకు దగ్గరగా స్ట్రెస్ తక్కువున్నప్పుడూ ఆ అంకె పెరుగుతుంది, లోతున స్ట్రెస్ ఎక్కువున్నప్పుడూ పెరుగుతుంది. నడుమనే హాయి.

గోదావరిఖని_సాంబయ్య · సోమవారం ఉదయం 8:15

రమణ సారు మాట నిజం. నేను బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు చేసి రిటైర్ అయిన. మాకు ఎంపీఏలు తెల్వదు. షిఫ్టు దిగంగనే కర్రతోని రూఫ్‌ని తట్టి చూసుడే. ఖంగుమంటే పొర గట్టిగ పట్టుకొని ఉన్నట్టు. డొల్ల సప్పుడు వచ్చిందంటే పైన పొర ఇడిసింది, కిందికెల్లి తప్పుకోవాలె. పిల్లర్ల కెల్లి చిటపట సప్పుడు, చిన్న చిన్న పెల్లలు ఎగురుడు అది ఇంకో తీరు. అది బరువు ఎక్కినట్టు. రెండు సప్పుళ్ళు వేరే వేరే. కొత్త పిల్లలకు మేము మొదలు నేర్పేది గదే.

శ్రావణి_సివిల్ · 8:40

సాంబయ్య గారూ, ఈ మాట నా సెమినార్‌లో చెప్పుకోవచ్చా?

గోదావరిఖని_సాంబయ్య · 8:47

చెప్పుకో బిడ్డా. పేరు అక్కర్లేదు.

కోలార్_మనవడు · సోమవారం మధ్యాహ్నం 1:10

మాది కుప్పం వైపు. మా తాత కేజీఎఫ్ బంగారు గనుల్లో పనిచేశాడు. అక్కడ రాయి పేలడాన్ని పాతకాలంలో "ఎయిర్ బ్లాస్ట్" అనేవాళ్ళు, మా తాత చివరిదాకా అదే మాట వాడాడు. లోపల గాలి ఇరుక్కుని పేలుతుందని మొదట్లో అనుకున్నారట. గాలి కాదు, రాయే. దాన్నే ఇప్పుడు రాక్‌బర్స్ట్ అంటున్నారు. 2001లో మూసేనాటికి చాంపియన్ రీఫ్ గని 3.2 కిలోమీటర్ల దాకా దిగింది. రమణ గారూ, అంత లోతున స్ట్రెస్ ఎంత ఉంటుంది?

టన్నెల్_రమణ · 1:35

నిలువుది 3200 × 0.027 = 86 ఎంపీఏ. అన్ని వైపులా సమానం అనుకున్నా గుండ్రటి సొరంగం అంచున రెట్టింపు, 172. ఆ గట్టి రాయి అంత ఒత్తిడిని స్ప్రింగులా లోపల దాచుకుంటుంది. మెత్తటి రాయైతే నెమ్మదిగా వంగి వదిలించుకుంటుంది. గట్టిది వంగదు, ఒక్కసారిగా విడిచిపెడుతుంది. మన జాతీయ శిలా యాంత్రిక సంస్థను 1988లో కేజీఎఫ్‌లోనే మొదలుపెట్టడం ఊరికే జరగలేదు.

మెత్తటి రాయి కథ దీనికి పూర్తిగా ఎదురు. యమునా జలవిద్యుత్తు పథకంలో ఛిబ్రో-ఖోడ్రీ సొరంగం క్రోల్ థ్రస్ట్ అనే ఫాల్ట్ (రాతిపొరలు తెగి జరిగిన చోటు) దగ్గర నలిగిన ఎర్ర షేలు, నల్ల బంకమట్టి పట్టీల్లోంచి పోయింది. అక్కడ పేలుడూ లేదు, చప్పుడూ లేదు. పెట్టిన ఉక్కు రిబ్బులు రోజురోజుకీ వంగుతూ వచ్చాయి. కొండ సొరంగాన్ని చెరుకు పిండినట్టు పిండింది. నేను వేరే చోట, చిన్న సొరంగంలో ఇలాంటిది కళ్ళారా చూశాను. సాయంత్రం కొలిచిన వెడల్పు పొద్దునకి లేదు. టేపు తప్పని మేమంతా వాదించుకున్నాం, మూడో రోజుకి ట్రాలీ పట్టలేదు.

ప్రవీణ్_పాలమూరు · 2:20

ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) టన్నెల్‌లో 2025 ఫిబ్రవరి 22న జరిగింది కూడా ఇదేనా? మా ఊరికి దగ్గర. ఎనిమిది మంది ఇరుక్కుపోయారు.

సుజాత_లెక్చరర్ · 2:50

ఇది కాదు ప్రవీణ్. దోమలపెంట వైపు నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల, టీబీఎం (సొరంగం తొలిచే యంత్రం) దగ్గర, నీళ్ళూ బురదా రాళ్ళూ కలిసి ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఇక్కడ మనం మాట్లాడుతున్నది పొడిగా, గట్టిగా ఉన్న రాయి తన లోపలి ఒత్తిడికి తానే ఊడటం. రెండూ "టన్నెల్ కూలింది" అని ఒకే హెడ్డింగు కింద వస్తాయి గానీ, మందు వేరు. నీరున్న పట్టీకి ముందుగా ప్రోబ్ రంధ్రాలు వేసి చూడాలి, గ్రౌటింగ్ (సిమెంటు పాలు ఎక్కించి మూయడం) చేయాలి, నీటిని దారి మళ్ళించాలి. పినావా లాంటి చోట నీటితో పనే లేదు.

నిర్వాహకుడు · 3:05

ఎస్‌ఎల్‌బీసీ మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ రాజకీయం మొదలైతే పోస్టులు తీసేస్తాను. శ్రావణి గారి సెమినార్ బుధవారం, గుర్తుంచుకోండి.

శ్రావణి_సివిల్ · సోమవారం రాత్రి 8:30

రెండు సందేహాలు మిగిలాయి.

1. ఈ 60, 45, 11 లాంటివి అసలు ఎలా కొలుస్తారు? రాయిలో స్ట్రెస్ కంటికి కనబడదు కదా.

2. పినావా గ్రానైట్ ల్యాబ్‌లో 200 ఎంపీఏ పైనే తట్టుకుంటుందని చదివాను. అంచున వచ్చింది 169. అంటే పగలకూడదు. మరి పగిలిందిగా?

బోర్‌హోల్ · 9:15

మొదటిది నాకు. పదేళ్ళుగా ఇదే కూడు పెడుతోంది.

బోరు వేస్తాం. పగుళ్ళు లేని ఒక మీటరు ముక్క ఎంచుకుని, దాని పైనా కిందా రబ్బరు ప్యాకర్లు ఉబ్బించి మూసేస్తాం. మధ్యలోకి నీళ్ళు పంపు చేస్తాం. ప్రెషర్ ఎక్కి ఎక్కి ఒక దగ్గర ఠక్కున పడుతుంది. రాయి చీలిందన్నమాట. పంపు ఆపితే ప్రెషర్ కొంచెం దిగి ఒక అంకె దగ్గర నిలబడుతుంది. చీలికను మూయడానికి రాయి నొక్కుతున్న ఒత్తిడి అదే. అదే చిన్న అడ్డ స్ట్రెస్. మళ్ళీ పంపు చేసి, చీలిక తిరిగి తెరుచుకునే ప్రెషర్ చూస్తాం. పెద్దది = 3 × చిన్నది − తిరిగి తెరుచుకున్న ప్రెషర్ − రాతిలోని నీటి ప్రెషర్.

ఊహించిన అంకెలతో: నిలిచింది 6, తెరుచుకున్నది 9, నీటిది 1.5. పెద్దది 18 − 9 − 1.5 = 7.5 ఎంపీఏ. ఇందులోనూ కిర్ష్ గారే దాగి ఉన్నారు చూడండి, ఆ 3 ఆయనదే.

తర్వాత మెత్తటి రబ్బరు చుట్టిన ప్యాకర్‌ని దింపి చీలిక అచ్చు తీస్తాం. అది ఎటు పోయిందో అటే పెద్ద స్ట్రెస్.

ఓవర్‌కోరింగ్ అని ఇంకో పద్ధతి ఉంది. చిన్న రంధ్రంలో గేజీ (సాగుడు కొలిచే పరికరం) అంటించి, దాని చుట్టూ పెద్ద రంధ్రం కోసి, ఆ ముక్కకు చుట్టుపక్కల నుంచి విడుదల ఇస్తాం. అది ఎంత వ్యాకోచించిందో చూసి స్ట్రెస్ వెనక్కి కడతాం. స్ట్రెస్ మరీ ఎక్కువుంటే కోరు (కోసి తీసిన రాతి కడ్డీ) బయటికి వచ్చేసరికి బిళ్ళలు బిళ్ళలుగా విరిగి ఉంటుంది, గేజీ పని గోవిందా. కానీ ఆ బిళ్ళలే ఒక వార్త. కోరు పెట్టెలో రూపాయి కాసులు పేర్చినట్టు కనబడితే పక్కకు విసిరేయకండి, ఫొటో తీసి లోతు రాసుకోండి. ఒక సైటులో నేను చేరకముందు వాటిని "డ్రిల్లర్ చేతకానితనం" అని రాసి పారేశారు.

ప్రవీణ్_పాలమూరు · 9:40

మన దగ్గర పెద్ద స్ట్రెస్ ఎటు ఉంటుంది? ఏదైనా మ్యాపు ఉందా?

బోర్‌హోల్ · 9:52

ఉంది. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళు 1992లో ఉపఖండం మొత్తానికి వేశారు. దేశం నడిమి భాగంలో ఎక్కువగా ఉత్తర-ఈశాన్యం నుంచి తూర్పు-ఈశాన్యం దిశలో. హిమాలయాన్ని మనం నెడుతున్న నెట్టుడు అది. దక్షిణ కొసలో వాయవ్యం వైపు తిరుగుతుంది. కానీ మ్యాపు చూసి డిజైన్ చేయకండి. పక్కన లోయ ఉన్నా ఫాల్ట్ ఉన్నా దిశ మారిపోతుంది.

సుజాత_లెక్చరర్ · 10:10

దిశ ఎందుకు ముఖ్యమో సివిల్ పిల్లలకి ఒక్క ఉదాహరణ. విశాఖలో ముడిచమురు నిల్వకు నేల కింద రాతిలో తొలిచిన గుహలు ఉన్నాయి, 13.3 లక్షల టన్నులు పడతాయి. అలాంటి ఎత్తైన, పొడవాటి గుహలు ఎక్కడ తవ్వినా పెద్ద అడ్డ స్ట్రెస్ ఎటుందో ముందు తెలుసుకోవాలి. అది పొడవు గోడకి ఎదురుగా వచ్చి నొక్కితే గోడ లోపలికి ఉబ్బుతుంది. పొడవు వెంట పడితే నెమ్మది. అయితే ముఖ్యమైన జాయింట్లు కూడా పొడవు వెంటే ఉంటే మళ్ళీ తంటా. రెంటికీ మధ్య బేరం కుదర్చడమే జియాలజిస్టు పని.

ఇంకా దగ్గర్లో చూడాలంటే భువనగిరి కోట ఎక్కండి. ఆ ఏకశిల ఉల్లిపాయలా పొరలుగా విడుతుంటుంది. పొరలు నేల వంపుకి సమాంతరంగా ఉంటాయి. పైబరువు పోయి, పక్క ఒత్తిడి ఉండిపోయి, రాయి పైకి విడివడటం. నిన్న మనం కట్టిన లెక్కే, కొండంత బొమ్మగా.

గేట్_గోపి · 10:14

భువనగిరికి నాలుగుసార్లు వెళ్ళాను మేడం. సెల్ఫీలు తప్ప ఏమీ చూడలేదు.

టన్నెల్_రమణ · మంగళవారం ఉదయం 6:10

శ్రావణి రెండో ప్రశ్న నాకు వదిలేశారు. 169కి 200 పైన తట్టుకునే రాయి ఎందుకు ఊడింది?

ల్యాబ్‌లో నువ్వు నొక్కేది అరచేతిలో పట్టే ముక్కని. పది నిమిషాల్లో పరీక్ష అయిపోతుంది. అది "ఫట్" అనే అంకె రాసుకుంటావు. కానీ అందులో సగం కూడా రాకముందే లోపల సన్నటి పగుళ్ళు మొదలవుతాయి. ముక్కకు చెవి ఆనిస్తే, అంటే మైక్రోఫోన్ పెడితే, వినిపిస్తాయి. సొరంగం అంచున ఇంకో సంగతి ఉంది. అక్కడి రాయికి ఒకవైపు ఆసరా లేదు, ఖాళీ. మొదలైన పగులు అంచుకి సమాంతరంగా సాగిపోతుంది, అడ్డుకునేది లేదు. పైగా తవ్వకం ముందుకు జరిగే కొద్దీ ఒత్తిడి దిశ తిరుగుతూ అదే చోటును అటూ ఇటూ నలుపుతుంది. ఇవన్నీ కలిసి పినావాలో రాయి ల్యాబ్ బలంలో సగానికి కాస్త పైన ఉండగానే లొంగిపోయింది. కాబట్టి గట్టి రాతిలో, లోతైన సొరంగంలో ల్యాబ్ అంకెని నేరుగా కిర్ష్ అంకెతో పోల్చి "సేఫ్" అని రాయకు. సగం దగ్గరే జాగ్రత్త పడు.

శ్రావణి_సివిల్ · బుధవారం సాయంత్రం 5:20

అయిపోయింది! సాంబయ్య గారి కర్ర శబ్దం దగ్గర క్లాసంతా నిశ్శబ్దం. మా సార్ చివర్లో ఒకటే అడిగారు: "ఆ గాడి అలా పెరుగుతూనే ఎందుకు పోలేదు? ఒక లోతు దగ్గర ఎందుకు ఆగింది?" గాడి మొన దగ్గర ఆకారం మారి రాయికి మళ్ళీ పక్కల నుంచి పట్టు దొరికింది అన్నాను. తల ఊపారు గానీ పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు.

టన్నెల్_రమణ · 7:45

బాగానే చెప్పావు. ఇంకొక్కటి చేర్చాల్సింది. నేల మీద పోగైన రాతి ముక్కలు కింది గాడిని కాస్త నొక్కి పట్టాయి. మహా అయితే ఎంత బరువు? ఏమీ కాదు. ఆ కాస్త నొక్కుడికే అక్కడ ఊడటం ఆగింది. సన్నటి షాట్‌క్రీట్ (రాతి మీద చిమ్మే కాంక్రీటు) పొర అంత పెద్ద కొండ ముందు ఎలా పనికొస్తుందని నువ్వు ఎప్పుడైనా అడగబోతే, జవాబు ఆ చెత్తకుప్పలో ఉంది.

గేట్_గోపి · 7:50

అంటే సైటు క్లీన్ చేయకపోవడం కూడా సపోర్టేనా సార్?

టన్నెల్_రమణ · 7:58

ఆ మాట కాంట్రాక్టర్ చెవిన వేయకు.